శ్రీకాకుళపు సముద్రతీరము

రథసప్తమికి అరసవల్లి సూర్యదేవుని దర్శింప మన సోదరీమణులు అనేకులు పోవుచుందురు. దర్శనము కాగానే మరలి వచ్చుట వాడుక. ఇంటిపనులనుండి తీరిక దొరకుటయే కష్టము. దొరకినప్పుడు మరి రెండుదినములుండి, చేరువనున్న సముద్రమును గూడ చూచి రాదగునని మేము విన్నవించుచున్నాము.

శ్రీకాకుళము జిల్లాకు సుమారు 190 కిలోమీటర్ల తీరము గలదు. రైలులో వచ్చువారు ఆమదాలవలసలోని శ్రీకాకుళము రోడ్డు స్టేషనున దిగవలెను. పట్టణమునకు సుమారు 13 కిలోమీటర్ల దూరమున శ్రీకూర్మ మున్నది. ఇచ్చట విష్ణువు కూర్మరూపమున వెలసి, పడమటి దిక్కునకు అభిముఖుడై యుండును. అందుచే ఆలయమునకు తూర్పునను పడమటను రెండు ధ్వజస్తంభములు గలవు. గోడలమీది పాత చిత్తరువులు పిల్లలకు చూపదగినవి.

అచ్చటినుండి కళింగపట్నము పోవలెను. వంశధార సముద్రమున గలియు తావిది. ఒకప్పుడు ఓడలరేవు, నేడు దీపస్తంభమును, జాలరుల పడవలును, విశాలమైన యిసుకతిన్నెలును కన్నులపండువు చేయును. సమీపమున సాలిహుండము కొండమీద బౌద్ధస్తూపముల శిథిలములు గలవు.

ఉత్తరముగా టెక్కలికి చేరువను తేలినీలాపురము గలదు. గూడబాతులును ఎర్రకాళ్ల కొంగలును పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులవలె ఏటేట ఈ యూరు చేరి, చింతచెట్లపై గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకొని, ఎండలు ముదురునప్పటికి మరలిపోవును. ఇంకను ఉత్తరమున, సోంపేట దరి బారువయొద్ద, మహేంద్రతనయ సముద్రమున గలియును. వెంట దెచ్చుకొన్న పులిహోర, దధ్యోజనములను కొబ్బరిచెట్ల నీడను ఆరగించుట కిది మంచి చోటు.

ఆశ్వయుజ కార్తికములలో తుపానుల భయము గలదు. మార్గశిరము మొదలు మాఘము వరకు అనుకూల కాలము. నదులు సముద్రమున గలియుచోట లోపలి నీటి యీడ్పు పైకి కానరాదు. జాలరుల నడుగక ఎవరును నీట దిగరాదు. పిల్లల చేయి విడువరాదు.

మరియొక మాట. జనవరి మొదలు మార్చివరకు రాత్రులయందు ఆలివ్ రిడ్లే యను జాతి సముద్రపు ఆడతాబేళ్లు ఈ తీరమున కెక్కి, ఇసుకలో గుంట త్రవ్వి, ఒక్కొక్కటి సుమారు 100 గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెడలిపోవును. తల్లి మరల వచ్చి చూడదు. సుమారు 50 దినములకు పిల్లలు వెలువడి, నీటిమీది వెలుగును గురుతుపట్టి సముద్రమునకు ప్రాకును. గట్టున దీపము కానవచ్చెనా, అవి దారి తప్పి, అటు పోయి నశించును. కావున రాత్రివేళ తీరమున టార్చిలైటులు వేయరాదు. ప్లాస్టిక్ సంచులు విడువరాదు. గుడిలో కూర్మమునకు చేతులు జోడించి, తీరమున దాని బిడ్డలకు కీడు చేయుట మనకు తగునా?