సునామీతో పరుగుపందెం: పాత ప్రాసెసర్‌కూ కొత్త ప్రాసెసర్‌కూ తేడా ఎంత?

2004 డిసెంబరు 26 ఉదయం ఆరున్నర గంటలవుతుండగా సుమత్రా దీవి దగ్గర సముద్రగర్భం చీలింది. ఆ చీలిక ఉత్తరంగా అండమాన్ దీవుల వైపు సుమారు 1,300 కిలోమీటర్లు పాకింది. గ్రేట్ నికోబార్ దక్షిణ కొసన ఉన్న ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయింది. సునామీ అలలు చెన్నై, విశాఖపట్నం తీరాలను చేరడానికి దాదాపు రెండున్నర గంటలు పట్టింది. చీలిక పక్కనే ఉన్న అండమాన్ నికోబార్ దీవులకు మాత్రం అంత వ్యవధి లేదు. ఇలాంటి భూకంపం వస్తే అక్కడ దొరికే సమయం 20 నుంచి 30 నిమిషాలే.

ఆ కొద్ది నిమిషాల్లోనే ఏ తీరానికి ఎంత ఎత్తు అల వస్తుందో కంప్యూటర్ చెప్పగలదా? ఇక్కడే పాత, కొత్త ప్రాసెసర్ల పోలిక మనుషుల ప్రాణాలకు సంబంధించిన ప్రశ్నగా మారుతుంది.

సునామీ వేగం సముద్రపు లోతును బట్టి ఉంటుంది. నాలుగు కిలోమీటర్ల లోతులో అది సెకనుకు దాదాపు 200 మీటర్లు, అంటే గంటకు 700 కిలోమీటర్లకు పైగా వేగంతో సాగుతుంది. దాని గమనాన్ని లెక్కించడానికి సముద్రాన్ని చదరంగం బల్లలా గళ్లుగా విడదీస్తారు. ప్రతి గడిలో నీటి మట్టం, ప్రవాహ వేగం ఎంతో పక్క గళ్ల విలువలను బట్టి లెక్కగడతారు. కొన్ని సెకన్లు ముందుకు జరిపి మళ్లీ మొదటి నుంచి లెక్కిస్తారు. లక్షల గళ్లకు, వేల సార్లు ఈ పని చేయాలి.

సరిగ్గా 2004లోనే ప్రాసెసర్ల చరిత్ర కూడా ఒక మలుపు తిరిగింది. అప్పటిదాకా కొత్త ప్రాసెసర్ అంటే ఎక్కువ గిగాహెర్ట్జ్ అనే అర్థం. ఆ ఏడాది ఇంటెల్ పెంటియం 4 వేగం 3.8 గిగాహెర్ట్జ్‌కు చేరింది. 4 గిగాహెర్ట్జ్ రకాన్ని తెస్తామన్న సంస్థ ఆ ప్రయత్నాన్ని విరమించుకుంది. అసలు అడ్డంకి వేడి. చిప్ ఖర్చు చేసే విద్యుత్తు దాని గడియార వేగంతోనూ, వోల్టేజీ వర్గంతోనూ పెరుగుతుంది. వేగం పెంచాలంటే సాధారణంగా వోల్టేజీ కూడా పెంచాలి. అప్పటికే ఆ చిప్ 100 వాట్లు దాటిపోయింది. అందుకే ఇరవై ఏళ్లు గడిచినా మేజా కంప్యూటర్ల గరిష్ఠ వేగం 6 గిగాహెర్ట్జ్ చుట్టూనే ఉంది. అంటే పెరిగింది ఒకటిన్నర రెట్లే.

అలాగని ప్రాసెసర్లు మెరుగుపడలేదని కాదు. ఒక చిప్‌లో అనేక కోర్లు వచ్చాయి. ఒక్కో కోరు ఒక గడియార చక్రంలో చేసే పనీ పెరిగింది. నాటి పెంటియం 4 ఒక చక్రంలో రెండు దశాంశ లెక్కలు చేసేది. 3.8 గిగాహెర్ట్జ్ వద్ద అవి సెకనుకు 760 కోట్లు. ఇప్పటి సాధారణ 8 కోర్ల ప్రాసెసర్‌లో ఒక్కో కోరు ఒక చక్రంలో 16 లెక్కలు చేయగలదు. 4.5 గిగాహెర్ట్జ్ వద్ద మొత్తం సెకనుకు 57,600 కోట్లు. అంటే దాదాపు 75 రెట్లు!

అయితే సునామీ లెక్కలో ఈ 75 రెట్లు చేతికి రావు. పెళ్లి వంటశాలను ఊహించుకోండి. వంటవాళ్లను ఒకరి నుంచి ఎనిమిది మందికి పెంచినా, కూరగాయలు మోసుకొచ్చే మనిషి ఒక్కడే అయితే వంట తొందరగా తెమలదు. ప్రాసెసర్‌కు ఆ సరుకు అందించేది మెమరీ. సునామీ నమూనాలో ఒక్కో గడికి చేసే లెక్కలు కొన్నే. వాటి కోసం మెమరీ నుంచి తెచ్చుకోవాల్సిన అంకెలే ఎక్కువ. 2004 నాటి మంచి కంప్యూటర్‌లో మెమరీ నుంచి సెకనుకు 6.4 గిగాబైట్లు వచ్చేవి. ఇప్పటి డీడీఆర్5-5600 మెమరీ రెండు ఛానళ్లతో 89.6 గిగాబైట్లు ఇస్తుంది. పెరుగుదల 14 రెట్లు. పెద్ద సునామీ లెక్కలో దక్కే లాభం 75 కంటే ఈ 14కే దగ్గరగా ఉంటుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. గడి పొడవు, వెడల్పులను సగానికి తగ్గిస్తే గళ్లు నాలుగు రెట్లవుతాయి. చిన్న గళ్లలో లెక్క తప్పకుండా ఉండాలంటే కాలపు అడుగును కూడా సగం చేయాలి. మొత్తం పని ఎనిమిది రెట్లు. ఈ లెక్కన 14 రెట్ల వేగంతో, అదే సమయంలో, గడి కొలతను సుమారు 2.4 వంతులకు మాత్రమే తగ్గించగలం. రెండు దశాబ్దాల పురోగతికి తీరం పటంలో దక్కే అదనపు స్పష్టత ఇంతే.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, 2007 అక్టోబరులో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రాన్ని ప్రారంభించింది. వేగవంతమైన ప్రాసెసర్ కోసం ఎదురుచూడకుండా లెక్కనే ముందుకు జరపడం అక్కడి శాస్త్రవేత్తలు ఎంచుకున్న మార్గం. ఏ చోట, ఎంత తీవ్రతతో భూకంపం వస్తే ఏ తీరానికి ఎంత అల, ఎప్పుడు చేరుతుందో ముందే వేల సార్లు లెక్కించి భద్రపరిచారు. భూకంపం రాగానే దానికి దగ్గరగా ఉన్న ఫలితాన్ని వెతికి తీస్తారు. లెక్కకు గంటలు పట్టవచ్చు, వెతకడానికి క్షణాలు చాలు.

2012 ఏప్రిల్ 11న సుమత్రా సమీపంలో 8.6 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు ఈ పద్ధతికి పరీక్ష ఎదురైంది. సుమారు 8 నిమిషాల్లో తొలి ప్రకటన వెలువడింది. అత్యున్నత స్థాయి హెచ్చరిక నికోబార్‌లోని కొన్ని ప్రాంతాలకే పరిమితమైంది.

ముందే వేసిన లెక్కకూ పరిమితి ఉంది. నిజమైన చీలిక మనం ఊహించినట్టే ఉండదు. అందుకే భూకంపం వచ్చాక అప్పటికప్పుడు లెక్కించే ప్రయత్నాలు ప్రపంచమంతటా సాగుతున్నాయి. గ్రాఫిక్స్ ప్రాసెసర్లు ఇందుకు బాగా పనికొస్తున్నాయి. ఎన్విడియా ఏ100 చిప్ 80 గిగాబైట్ల రకంలో మెమరీ వేగం సెకనుకు సుమారు 2,000 గిగాబైట్లు. నాటి పెంటియం కంప్యూటర్ కంటే ఇది 300 రెట్లు. స్పెయిన్‌లోని మాలగా విశ్వవిద్యాలయం రూపొందించిన ట్సునామీ-హైసీ నమూనా ఇలాంటి చిప్‌లపైనే, అల కంటే ముందుగా, అల గమనాన్ని లెక్కిస్తుంది.

కాబట్టి ప్రాసెసర్లను పోల్చేటప్పుడు పెట్టె మీది గిగాహెర్ట్జ్‌నో, కోర్ల సంఖ్యనో చూస్తే చాలదు. మన పని లెక్కల మీద ఆగుతోందా, మెమరీ మీద ఆగుతోందా అన్నది ముందు తెలియాలి. అదే పనిని రెండింటిపై నడిపి, పూర్తికావడానికి పట్టిన సమయాన్ని కొలవడమే సరైన పోలిక.

ఎంత కొత్త ప్రాసెసరైనా తగ్గించలేని నిమిషాలు కొన్ని ఉన్నాయి. భూకంప తరంగాలు కేంద్రాలకు చేరాలి, తీవ్రత తేలాలి, కబురు దీవులకు అందాలి, మనుషులు నడిచి గట్టెక్కాలి. అందుకే దీవుల్లో నేల గట్టిగా, చాలాసేపు కంపిస్తే, నిలబడటం కష్టమైతే, సందేశం కోసం ఆగకూడదు. వెంటనే ఎత్తైన చోటికి వెళ్లాలి. అన్నిటికంటే ముందు అందే హెచ్చరిక ఆ కంపనమే.