మడత వెనుక మోకాలు: నకలు చిత్రాలపై అపోహలు

పునరుజ్జీవన కాలపు బొమ్మ ఒకటి ముందు పెట్టుకుని, అందులోని వస్త్రాన్ని నకలు చేస్తూ ఆయిల్ పెయింటింగ్ నేర్చుకోవడం మంచి దారి. ఆ దారిలో కొన్ని అపోహలు అడ్డుపడుతుంటాయి.

అపోహ: నకలు చేస్తే సొంత చెయ్యి పోతుంది.

వాస్తవం: కుర్రతనంలో మైకెలాంజెలో జోట్టో, మసాచ్చోల బొమ్మలను వాటి బరువైన అంగీలతో సహా కలంతో దించుకున్నాడు. రూబెన్స్ యాభై దాటాక కూడా మాడ్రిడ్‌లో కూర్చుని టీషియన్ చిత్రాలకు నకళ్లు వేశాడు. నకలును అసలుగా చూపితేనే తప్పు. పటం వెనుక ఎవరి చిత్రానికి నకలో రాసిపెట్టండి.

అపోహ: మడతలన్నీ ఉన్నవున్నట్టు దించితే చాలు.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మడతల లెక్క సరిపోతుంది, బట్ట మాత్రం ముద్దలా కనిపిస్తుంది. గుడ్డ ఎక్కడో ఒకచోట ఆనుతుంది: భుజం మీద, మోచేతి వంపులో, మోకాలి మీద. మడతలు అక్కడి నుంచే బయల్దేరతాయి. గురువు వెరోక్యో దగ్గర పనిచేసే రోజుల్లో లియొనార్డో మట్టిబొమ్మలకు తడిమట్టి పట్టించిన గుడ్డలు కప్పి, వాటిని చూస్తూ సన్నని నారబట్ట మీద నలుపు తెలుపుల్లో చిత్రించేవాడని కళాకారుల జీవితచరిత్రలు రాసిన వసారి చెప్పాడు. పారిస్‌లోని లూవ్ర్‌లో అలాంటి పటం ఒకటుంది. ముఖం లేదు, చేతులు లేవు. అయినా కూర్చున్న మనిషి మోకాళ్లు ఎటు తిరిగి ఉన్నాయో తెలుస్తుంది. నాకు అంతకు మించిన పాఠం కనబడలేదు. కాబట్టి ముందు దేహాన్ని గీతల్లో వేసుకోండి, తరువాతే బట్ట కప్పండి. ఇంట్లో కుర్చీ మీద తడి పంచె వేసి గీసి చూసినా ఈ సంగతి తెలుస్తుంది.

అపోహ: నీలి బట్టకు నీడ కావాలంటే నలుపు కలపాలి.

వాస్తవం: 1400 ప్రాంతంలో చిత్రకళ మీద పుస్తకం రాసిన చెన్నీనో చెన్నీని చెప్పిన పద్ధతిలో నీడకు అచ్చమైన రంగే వాడతారు. దానికే తెలుపు కలుపుతూ మధ్యఛాయ, వెలుగు తీస్తారు. నూనె రంగుల్లో ఇంకో దారీ ఉంది: వెలుగునీడలన్నీ బూడిదరంగులో ముగించి, ఆరాక పైన పలచగా నీలం పూయడం.

అపోహ: పాత చిత్రాల గోధుమఛాయ గురువుల రహస్యం.

వాస్తవం: చాలాసార్లు అది పసుపెక్కిన వార్నిషే. లండన్ నేషనల్ గ్యాలరీలో టీషియన్ వేసిన 'బాకస్, అరియాడ్ని' చిత్రాన్ని 1960ల చివర్లో శుభ్రం చేస్తే వార్నిష్ కిందినుంచి నిండు నీలాకాశం బయటపడింది. ఆ మకిలిని నకలు చేయకండి.

ఆరడం గురించి ఒక్క మాట. నూనె రంగుల్లోని అవిసెనూనె నీళ్లలా ఆవిరైపోదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. కింది పొరలో నూనె తక్కువ, పై పొరలో ఎక్కువ ఉండాలి, తిరగేస్తే పగుళ్లొస్తాయి.

తొలి నకలుకు మొత్తం బొమ్మ వద్దు. ఒక్క మోకాలు, దాని మీద జారే గుడ్డ తీసుకోండి.