అమెరికా కుర్రకారు హోటలు మానేస్తే మన చెరువుకేమిటి?

కర్లపాలెం: తెల్లవారుజామున చెరువు గట్టున నిలబడి, కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతున్నాయో లెక్క చూసుకునే రైతుకు అమెరికా హోటళ్ళతో ఏం పని? పని వుంది. కర్లపాలెం, బాపట్ల, నిజాంపట్నం తీరంలో పట్టిన వనామి రొయ్య ఐసులో ఫ్యాక్టరీ చేరి, తల తీయించుకుని, గడ్డకట్టి ఓడ ఎక్కుతుంది. 2023-24లో మన దేశం ఎగుమతి చేసిన 7,16,004 టన్నుల రొయ్యలలో 2,97,571 టన్నులు అమెరికాకే వెళ్ళాయి.

అక్కడ సామాన్య కుటుంబాలకు రొయ్య రుచి అలవాటు చేసిన హోటళ్ళలో పేరున్నది రెడ్ లాబ్‌స్టర్. 1968లో ఫ్లోరిడాలో ఒక్క హోటలుగా మొదలై వందల ఊళ్ళకు పాకింది. ఏ ఊళ్ళో చూసినా అదే పేరు, అదే రుచి. సెలవు రోజున భార్యాబిడ్డలతో వెళ్ళి బల్ల ముందు గంటసేపు కూర్చుని తినడం ఒక తరానికి పండుగ.

ఆ తరం పెద్దదైపోయింది. పిల్లల తీరు వేరు. ఫోనులో ఆర్డరిచ్చి యింటికే తెప్పించుకుంటారు. లేదా కౌంటరు దగ్గర పొట్లం పట్టుకుని వెళ్ళిపోతారు. కూర్చుని తినే తీరిక లేదు, వడ్డించిన వారికి బిల్లుపై అదనంగా యిచ్చుకునే మనసూ లేదు.

2019తో పోలిస్తే వచ్చేవారు దాదాపు 30 శాతం తగ్గారని ఆ సంస్థే కోర్టుకు చెప్పుకుంది. జనాన్ని రప్పించాలని 2023లో 20 డాలర్లకే తిన్నవారికి తిన్నన్ని రొయ్యలని ప్రకటించింది. జనం వచ్చి కడుపునిండా తిన్నారు. సంస్థకు మిగిలింది కోటీ పది లక్షల డాలర్ల నష్టం. అంతకు ముందే సొంత స్థలాలు అమ్మి, వాటికే అద్దె కట్టవలసి రావడం మరో గుదిబండ. 2024 మే నెలలో దివాలా పిటిషను వేసింది. సెప్టెంబరులో కొత్త యజమానుల చేతికి పోయింది. అదే ఏడు నవంబరులో టి.జి.ఐ. ఫ్రైడేస్ హోటళ్ళ సంస్థా కోర్టు మెట్లెక్కింది.

అంతమాత్రాన అమెరికా వారు రొయ్య తినడం మానలేదు. తినే చోటు మారింది. ఒలిచి, ఉడికించి, చిన్న పొట్లాలలో కట్టిన రొయ్య కావాలంటున్నారు. ఆ పనికి దక్కే లాభం ఫ్యాక్టరీది. రైతుకు దక్కేది కౌంటు ధరే. సీడు, మేత, కరెంటు ఖర్చు తనది, ధర నిర్ణయం మరొకరిది. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినపుడు ఆ దెబ్బ ముందుగా తగిలింది చెరువు గట్టుకే.

చిత్రమేమిటంటే, రొయ్య పండే మన ఊళ్ళలోనే రొయ్య తినడం తగ్గుతున్నది. గోంగూరలో ఎండు రొయ్యలు వేసి వండిన కూరకు పెద్దలు లొట్టలు వేస్తారు. పిల్లలు మాత్రం సాయంత్రమైతే రోడ్డు పక్కన చికెన్ బిరియాని, నూడుల్సు బండ్ల దగ్గరే.

అమెరికా పిల్లల అలవాటును మనం మార్చలేము. మన పిల్లల అలవాటు మన చేతిలోనే వుంది. ప్రతి మండల కేంద్రంలో ఐసు సౌకర్యంతో శుభ్రమైన రొయ్యల దుకాణం వుంటే, బిరియాని హోటళ్ళ వారు రొయ్యనూ వడ్డిస్తే, పట్టుబడిలో కొంతైనా యిక్కడే అమ్ముడుపోతుంది. రైతు సంఘాలు, మత్స్యశాఖ వారు యీ దిశగా ఆలోచించడం మంచిది. అమ్ముకునే చోటు ఒక్కటే అయినవాడికి బేరమాడే నోరు వుండదు.