పిల్లి కూడా కాపలా కాస్తుంది

వికారాబాద్, తాండూరు పల్లెల్లో పిల్లి తిరగని వాడ ఉండదు. తాండూరు కందులకు మంచి పేరు. 2022లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కందులు ఇల్లు చేరితే ఎలుకలు చేరుతాయి. ఎలుకల కోసం పాములు వస్తాయి. తాండూరు వైపు నాపరాళ్లు ఎక్కువ. పేర్చిన బండల సందుల్లో పాములు దాక్కుంటాయి. అందుకే గింజలున్న ఇంట్లో పిల్లి ఉంటే మేలు.

పిల్లి ఎలుకలను పడుతుందని అందరికీ తెలుసు. మరి, అది తన తోటివాళ్లను, పెంచినవాళ్లను కాపాడుతుందా? చూద్దాం.

తల్లి పిల్లి

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. ఎందుకు తిప్పుతుంది? ఒకేచోట ఉంటే కుక్కలు, గండుపిల్లులు పసిగడతాయి. అందుకే తల్లి కూనలను మెడ దగ్గర నోట కరుచుకుని చోటు మారుస్తుంది. పళ్లు మాత్రం దిగనీయదు.

కూనల మీదికి కుక్క వస్తే తల్లి ఎదురు తిరుగుతుంది. వీపు విల్లులా వంచుతుంది. వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. బుస్సుమంటుంది. శత్రువుకు పెద్దగా కనబడాలని ఈ ఉపాయం. ఒకేచోట బతికే ఆడ పిల్లులు ఒకదాని కూనలకు ఇంకొకటి పాలు కూడా ఇస్తాయి.

మనతో చుట్టరికం

కుక్కకు మనిషి మీద, పిల్లికి ఇంటి మీద మమకారం అంటారు. ఇది సగమే నిజం. పిల్లి వచ్చి మన కాళ్లకు చెంప రుద్దుతుంది. అట్లా తన వాసన మనకు అంటిస్తుంది. ఆ వాసన మనకు తెలియదు, పిల్లికి తెలుస్తుంది. ‘వీళ్లు నావాళ్లు’ అని అది పెట్టుకునే గుర్తు.

2019లో అమెరికాలోని ఓరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక పరీక్ష చేశారు. పిల్లికూనను కొత్త గదిలో 2 నిమిషాలు ఒంటరిగా ఉంచారు. తర్వాత పెంచినవాళ్లు లోపలికి వచ్చారు. నూటికి 64 కూనలు వాళ్లను చూడగానే కుదుటపడ్డాయి.

రెండు సంఘటనలు

2014 మే నెల. అమెరికాలోని బేకర్స్‌ఫీల్డ్ పట్టణం. నాలుగేళ్ల బాబు ఇంటి ముందు సైకిల్ తొక్కుతున్నాడు. పక్కింటి కుక్క వచ్చి కాలు పట్టి ఈడ్చింది. ఆ ఇంటి పిల్లి తారా ఒక్క దూకున కుక్క మీద పడింది. కుక్క పారిపోయింది. ఇదంతా ఇంటి కెమెరాలో పడింది.

2021 జులై. ఒడిశాలోని భువనేశ్వర్. ఇంట్లోకి రాబోయిన నాగుపామును పెంపుడు పిల్లి అరగంట సేపు అడ్డుకుంది. పాములు పట్టేవాళ్లు వచ్చి పామును పట్టుకుపోయారు.

తన చోటును కాచుకోవడం పిల్లి గుణం. ఆ చోటులో మనమూ ఉంటాం. అందుకే ఒక్కోసారి మనకూ కాపలా దొరుకుతుంది. కాని ప్రతి పిల్లీ ఇట్లా చేయదు. చాలా పిల్లులు భయపడి దాక్కుంటాయి. పిల్లి ఉంది కదా అని పాము సంగతి మరవొద్దు. రాత్రిపూట లైటు పట్టుకునే బయటికి వెళ్లాలి.

ఇవి గుర్తుంచుకోండి

• పిల్లి ఒకేచోటికి తేరిపార చూస్తూ బుసకొడితే, అక్కడ చేయి పెట్టొద్దు. పిల్లలను దూరం జరపండి.
• కొట్లాటలో ఉన్న పిల్లిని చేత్తో పట్టొద్దు. భయంలో అది మనల్నే కరుస్తుంది.
• పిల్లి కరిచినా, రక్కినా సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసరు పెట్టొద్దు. పిల్లి వల్ల కూడా రేబిస్ రావచ్చు. ఆ జబ్బు వస్తే ప్రాణం దక్కదు. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి సూదిమందు వేయించుకోండి.
• పాము కరిస్తే కోయొద్దు, గట్టిగా కట్టొద్దు, మంత్రాలతో పొద్దు గడపొద్దు. 108కి ఫోన్ చేయండి.

చర్చించండి

1. పిల్లి పిల్లలను ఎందుకు చోటు మారుస్తుంది?
2. పిల్లి ఎదురొస్తే అపశకునం అంటారు. గింజలను కాపాడే పిల్లి అపశకునం ఎట్లా అవుతుంది?