లారీ ఇంజిన్ ఎందుకు అరుగుతుంది?

ఉక్కునగరం పక్కనున్న ఉక్కు కర్మాగారానికీ, 1933లో ప్రారంభమైన విశాఖపట్నం ఓడరేవుకూ సరుకు మోసే లారీల డీజిల్ ఇంజిన్లు లక్షల కిలోమీటర్లు నడవగలవు. అయినా కొన్ని ముందే ఎందుకు అరుగుతాయో తెలియాలంటే వాటి లోపల జరిగేది చూడాలి. డీజిల్ ఇంజిన్‌లో రవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్ అనే గొట్టంలో కదిలే పిస్టన్ గాలిని సుమారు పదహారో వంతుకు నొక్కగా అది 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కి, అందులోకి చిమ్మిన డీజిల్ తనంతట తానే మండుతుంది. అందువల్ల ఆ గాలి జారిపోకుండా పిస్టన్ చుట్టూ అమర్చిన రింగుల బిగువు మీదే ఇంజిన్ ఆయువు ఆధారపడుతుంది.

ఆ రింగులకు ప్రధాన శత్రువు దుమ్ము. ముడి ఇనుము, బొగ్గు ఎత్తిదించే చోట తేలే గట్టి రేణువులు, ఎయిర్ ఫిల్టర్ చిరిగినా దాని గొట్టం బిగింపు వదులైనా, లోపలికి చేరి, ఆయిల్‌తో కలిసి గరుకు కాగితంలా సిలిండర్ గోడను గీకుతాయి. సందు పెరిగేకొద్దీ బలం తగ్గి, పైకి పాకిన ఆయిల్ కాలి నీలిపొగ వస్తుంది.

లారీ వరుసలో నిలిచినప్పుడు గంటల తరబడి ఇంజిన్ ఆపకపోవడం కూడా హానికరమే. తగినంత వేడెక్కని సిలిండర్‌లో డీజిల్ పూర్తిగా కాలక మసి పేరుకుంటుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాల లారీల్లో మసిని పట్టే ఫిల్టర్ కూడా ఇలాగే పూడుకుపోతుంది.