పంటల బీమా పథకము – రూపకల్పన, నిర్వహణ, ఫలిత పరిశీలన

ప్రభుత్వ పథకము ఏదైనను అది గ్రామమునకు వచ్చునప్పటికి రైతులకు సాధారణముగా తెలియునవి రెండు విషయములే: ఎంత కట్టవలెను, ఎంత వచ్చును. ఆ అంకెలు ఎట్లు ఏర్పడినవి, పథకము పనిచేసినదో లేదో ఎవరు తేల్చుదురు అను సంగతులు చాలమందికి తెలియవు. ప్రతి పథకమునకు రూపకల్పన, నిర్వహణ, ఫలిత పరిశీలన అను మూడు దశలు ఉండును. పంటల బీమాను ఉదాహరణముగా తీసికొని ఈ మూడింటిని పరిశీలింతము.

రూపకల్పన

మన దేశములో పంటల బీమా 1972-73లో గుజరాత్ రాష్ట్రమున హెచ్-4 ప్రత్తితో మొదలైనది. అప్పుడు ఏ రైతు పొలమునకు ఆ పొలమే లెక్క. తరువాత మరికొన్ని పంటలకు, రాష్ట్రములకు వ్యాపించి 1978-79 వరకు సాగిన ఈ ప్రయత్నములో 3,110 మంది రైతులు చేరిరి. వసూలైన ప్రీమియము 4.54 లక్షల రూపాయలు. చెల్లించిన పరిహారము 37.88 లక్షలు. రూపాయి వచ్చినచోట ఎనిమిది రూపాయలకు పైగా పోయినదన్నమాట. పైగా ప్రతి పొలమునకు వెళ్లి నష్టమును అంచనా కట్టుట ఖర్చుతోను, తగవులతోను కూడిన పని.

ఈ చిక్కునకు ఆర్థికవేత్త వి. ఎం. దండేకర్ 1976లో ఒక మార్గము సూచించెను. ఒక ప్రాంతమంతటిని ఒక యూనిట్‌గా తీసికొని, అక్కడి సగటు దిగుబడి తగ్గినచో ఆ ప్రాంతమున బీమా చేసిన వారందరికి ఒకే నిష్పత్తిలో పరిహారము ఇచ్చుట ఆ మార్గము. 1979లో దీనిని ప్రయోగాత్మకముగా పరీక్షించి, 1985లో సమగ్ర పంటల బీమా పథకముగా ప్రవేశపెట్టిరి. అయితే ఇందును ఒక లోపము కనబడినది. యూనిట్ పెద్దదైనప్పుడు, ఒక గ్రామమున పంట పోయినను చుట్టుప్రక్కల పండినచో సగటు తగ్గదు. నష్టపోయిన గ్రామమునకు ఏమియు రాదు. అందుచేతనే 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో ముఖ్య పంటలకు గ్రామమును లేక గ్రామ పంచాయతీని యూనిట్‌గా నిర్ణయించిరి. ఒక పథకము లెక్కలలో తేలిన లోపమే తరువాతి పథకమునకు పునాది అగుచున్నది.

నిర్వహణ

యూనిట్ చిన్నదైనకొలది కొలత పని పెరుగును. 2016 పథకపు నిబంధనల ప్రకారము ముఖ్య పంటకు గ్రామ యూనిట్‌లో కనీసము నాలుగు పంట కోత ప్రయోగములు చేయవలెను. పొలమును, అందులోని స్థలమును ఎవరి ఇష్టము ననుసరించి కాక, అంకెల పట్టిక సహాయముతో ఎన్నుకొందురు. వరి వంటి పంటలకు సాధారణముగా 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల మడిని గుర్తించి, అందలి పంటను కోసి, నూర్చి, తూర్పారబట్టి తూచెదరు.

ఈ మడి హెక్టారులో 400వ వంతు. కావున తక్కెడలో ఒక కిలో తేడా హెక్టారునకు 400 కిలోల తేడా అగును. దీని ప్రభావమెంతయో ఒక లెక్కతో చూడవచ్చును. ఒక గ్రామమున హామీ దిగుబడి హెక్టారునకు 4,000 కిలోలు, బీమా మొత్తము 80,000 రూపాయలు అనుకొందము. నాలుగు మడుల సగటు ఏడున్నర కిలోలైనచో దిగుబడి 3,000 కిలోలు. తరుగుదల నూటికి 25. పరిహారము 20,000 రూపాయలు. ప్రతి మడిలోను అరకిలో ఎక్కువ వ్రాసినచో దిగుబడి 3,200 కిలోలగును. పరిహారము 16,000 మాత్రమే. మడికి అరకిలో పొరపాటు వలన గ్రామములోని ప్రతి బీమా రైతు హెక్టారునకు 4,000 రూపాయలు నష్టపోవును.

మరి తక్కువ వ్రాసినచో లాభమా? కాదు. హామీ దిగుబడిని గడచిన సంవత్సరముల దిగుబడుల నుండియే కట్టెదరు. ఈ ఏడు తగ్గించి వ్రాసిన అంకె రాబోవు సంవత్సరముల హామీని తగ్గించును. నిజముగా పంట పోయిన నాడు ఆ గ్రామమే దాని ఫలమును అనుభవించును.

ఫలిత పరిశీలన

ఎంతమంది చేరిరి, ఎంత ధనము ఖర్చైనది అను లెక్కలు పథకము నడిచినదని మాత్రమే తెలుపును. అవసరమైన వానికి తగినంత సహాయము సకాలమున అందినదా అనునదే అసలు ప్రశ్న. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2017లో ప్రకటించిన నివేదిక పూర్వపు బీమా పథకములను ఈ దృష్టితో పరిశీలించినది. సర్వేలో ప్రశ్నింపబడిన రైతులలో నూటికి 67 మందికి ఆ పథకముల సంగతియే తెలియదని తేలినది. బీమా చేసిన రైతుల వివరముల పట్టిక కూడ ప్రభుత్వముల యొద్ద లేదని నివేదిక చూపినది. అప్పు తీసికొన్న రైతుల నుండి ప్రీమియము తప్పనిసరిగా మినహాయించు పద్ధతిపై కూడ విమర్శలు వచ్చెను. 2020 ఖరీఫ్ నుండి చేరుట వారి ఇష్టమునకు వదలబడినది. రాష్ట్రములును తమ అనుభవమును బట్టి నిర్ణయములు చేసినవి. తెలంగాణ 2020లో పథకము నుండి వైదొలగినది. ఆంధ్రప్రదేశ్ మధ్యలో విడిచి, 2022లో తిరిగి చేరినది.

మనము చేయవలసినది

నిబంధనలు మారుచుండును గావున, ప్రతి పంట కాలమునకు ముందు వర్తించు నియమములను, చివరి తేదీని వ్యవసాయాధికారి వద్ద తెలిసికొనవలెను. వేసిన పంట పేరు, సర్వే నంబరు రికార్డులో సరిగా ఉన్నవో లేవో చూచుకొనవలెను. గ్రామాధికారులు పంట కోత ప్రయోగము జరుగు దినమును ముందుగా చాటించి, పదిమంది ఎదుట తూచి, అంకెను అక్కడనే చదివి వినిపింపవలెను. రైతులు ఆ సమయమున పొలములో ఉండి తాడు కొలతను, తక్కెడను స్వయముగా చూడవలెను. పథకము రాజధానిలో రూపొందవచ్చును. కాని దాని మంచిచెడ్డలు తేలునది ఆ ఐదు మీటర్ల మడిలోనే.