తలుపు లోపలి అట్ట

పాతకారు ఉన్నవారికి బయటి రంగు మీద ఉన్న పట్టింపు, తలుపు లోపలి అట్ట మీద ఉండదు. అది ఉబ్బి, మూల ఊడి, ఎక్కేవారి మోచేతికి గీసుకున్నప్పుడు గాని కంటబడదు. మా నాన్నగారు వాడిన మారుతి 800కు ఆ దశ వచ్చింది. ఆ మోడలు 1983 డిసెంబరులో రోడ్డెక్కింది. 2014లో తయారీయే ఆగిపోయింది. మా అమ్మ మాత్రం దాన్ని అమ్మనివ్వదు.

"కొత్త అట్ట వేసేద్దాం సార్" అన్నారు షెడ్డులో. వేయవచ్చు. పాతది ఎందుకు ఉబ్బిందో చూడకపోతే కొత్తదీ ఉబ్బుతుంది.

అద్దం దిగే సందులోంచి వాననీరు తలుపులోకి పోవడం లోపం కాదు. ఏ కారుకైనా అంతే. అడుగున ఉన్న చిన్న కంతల గుండా ఆ నీరు బయటపడాలి. మట్టి చేరి అవి పూడితే నీరు లోపలే నిలుస్తుంది. హార్డుబోర్డు నానుతుంది, రేకు తుప్పు పడుతుంది. అట్ట పోతే పోయింది, రేకు తినేస్తే తలుపుకే మోసం.

ముందు అద్దం తిప్పే హ్యాండిలు తీయాలి. దాని వెనుక గుర్రపునాడా ఆకారంలో చిన్న స్ప్రింగు ఉంటుంది. సుత్తి అక్కర్లేదు. పాతగుడ్డ పీలికను వెనుకకు దూర్చి, తువ్వాలుతో వీపు రుద్దుకున్నట్టు అటూ ఇటూ లాగితే ఊడి ఎగురుతుంది. ఎక్కడ పడేదీ చూసుకోవాలి. ఈ కిటుకు చెప్పిన మెకానిక్కు గురుదక్షిణగా టీ చాలన్నాడు.

చేతిపట్టు మరలు విప్పాక అట్టను క్లిప్పుల నుంచి ఊడదీయాలి. తెలుగు పాఠాలు చెప్పేవాడికి స్క్రూడ్రైవరెందుకని మా కాలేజీలో నవ్వినవారు లేకపోలేదు. సంధిని కలిసినచోటనే గదా విడదీస్తాం! క్లిప్పూ అంతే. దాని పక్కనే గుడ్డ చుట్టిన చదును బద్ద పెట్టి ఎత్తాలి. మూల పట్టుకుని గుంజితే నానిన బోర్డు అప్పడంలా విరుగుతుంది.

తీసిన అట్టను నీడలో, చదునైన బరువు కింద పూర్తిగా ఆరనివ్వాలి. క్లిప్పుకంత చిరిగినచోట పల్చని అల్యూమినియం రేకు ముక్కను అరాల్డైటుతో అతికించి, అందులో కొత్త కంత చేయాలి. మందపు చెక్క పెడితే క్లిప్పు అందదు. లేచిన రెక్సినుకూ బోర్డుకూ రబ్బరు జిగురు పూసి, కాస్త ఆరి చేతికి అంటకుండా అయ్యాక నొక్కాలి.

ఈలోగా అడుగు కంతలను తీగతో పొడిచి, అద్దం సందులో చెంబెడు నీళ్లు పోయాలి. మా కారులోంచి మొదట నల్లటి బురద, రెండు వేపాకులు, ఆ తరువాత తేటనీరు వచ్చాయి. అట్ట వెనుకనుండే ప్లాస్టిక్ కాగితాన్ని చిరుగులు లేకుండా తిరిగి అంటించాలి. బోర్డుకు అసలు గొడుగు అదే. చాలామంది దాన్ని పీకి పారేస్తారు.

చివరకు క్లిప్పులను కంతలకు ఎదురుగా పెట్టి, అరచేత్తో ఒక్కొక్కటే కొట్టాలి. టప్పుమని చప్పుడు రాని చోట కూర్చోలేదన్నమాట.